రెక్క చూసి పేరు చెప్పేవాళ్లు

1964 జూలైలో కెనడా పశ్చిమ తీరంలో, శాటర్నా అనే దీవి దగ్గర ఒక ఓర్కాను హార్పూన్‌తో పొడిచారు. వాంకూవర్ అక్వేరియం వాళ్లకు ఓర్కా నిలువెత్తు బొమ్మ ఒకటి కావలసి వచ్చింది. ఒకదాన్ని చంపి, కొలతలు తీసుకుని రమ్మని ఒక శిల్పిని పంపించారు. హార్పూన్ దిగింది, ప్రాణం మాత్రం పోలేదు. ఇక చేసేదేం లేక ఆ తాడుతోనే దాన్ని వాంకూవర్ దాకా లాక్కొచ్చారు. రేవులో దడి కట్టి ఉంచారు. ఆడదనుకుని 'మోబీ డాల్' అని పేరు పెట్టారు. దాదాపు మూడు నెలలు బతికింది. శాస్త్రజ్ఞులు వచ్చి చూశారు, దాని అరుపులు రికార్డు చేశారు. చచ్చాక కోసి చూస్తే మగది.

కట్టేసి ఎదురుగా పెట్టుకున్న జంతువు ఆడో మగో తేల్చలేని కాలం అది. ఇవాళ అదే నీళ్ల ఒడ్డున బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్న ఒక రిటైర్డ్ టీచరమ్మ, అర కిలోమీటరు దూరంలో రెండు క్షణాలు పైకి లేచి మునిగిన రెక్కను చూసి, అది ఫలానా దాని రెండో కూతురనీ, దాని అన్న కిందటేడు కనబడకుండా పోయాడనీ చెప్పగలదు. అడవి జంతువుల్లో ఇంత వివరంగా, ఒక్కొక్కదాన్నీ విడివిడిగా, తరాల తరబడి మనుషులు గుర్తుపెట్టుకున్న జాతులు చాలా కొద్ది. ఈ గుర్తింపు విద్య ఎలా పుట్టిందో, దాన్ని ఎలా చేస్తారో, చేయబట్టి ఏం బయటపడిందో చూద్దాం.

కిల్లర్ వేల్ అని పిలుచుకునే ఈ ఓర్కా నిజానికి డాల్ఫిన్ల కుటుంబానికి చెందింది. ఆ కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. మగవి ఏడెనిమిది మీటర్ల దాకా పెరుగుతాయి. ఉత్తరాన అలాస్కా నుంచి అంటార్కిటికా దాకా అన్ని మహాసముద్రాల్లోనూ ఉన్నా, తీరం వెంబడి దగ్గర్లో, ఏటా అవే గుంపులు కనిపించే చోట్లు తక్కువ. అలాంటి చోట్లలో పేరున్నది కెనడాలోని బ్రిటిష్ కొలంబియా, దాని కిందనే ఉన్న అమెరికా రాష్ట్రం వాషింగ్టన్. దీవులు, ఇరుకు జలసంధులు, లోతైన నీళ్లు, నదులకేసి ఎదురీదడానికి వచ్చే సాల్మన్ చేపలు. ఆ చేపల కోసమే మనుషులూ, ఆ చేపల కోసమే ఓర్కాలూ.

అందుకే వైరం. అప్పట్లో ఓర్కా అంటే అక్కడి జాలర్లకు కంటగింపు. పడవలో తుపాకి ఉన్నవాడు కనబడ్డ రెక్క మీదల్లా పేల్చేవాడు; తర్వాతి రోజుల్లో బతికుండగా పట్టుకున్న ఓర్కాల్లో చాలావాటి ఒంటి మీద పాత గుళ్ల గాయాలు కనిపించాయి. 1961లో కెనడా మత్స్యశాఖ అయితే ఇంకో అడుగు ముందుకేసి, క్యాంప్‌బెల్ రివర్ దగ్గర సీమోర్ నారోస్ అనే ఇరుకు జలసంధి ఒడ్డున ఏకంగా ఒక మెషిన్ గన్ బిగించింది. వచ్చినవాటిని వచ్చినట్టు కాల్చడానికి. ఆ తుపాకి ఒక్క గుండూ పేల్చకుండానే దిగిపోయింది. కానీ ఒక ప్రభుత్వ శాఖ కూర్చుని ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది.

మోబీ డాల్‌తో గాలి మళ్లింది. మనిషి మీద పడి చంపుతుందనుకున్న జంతువు చేతిలోంచి చేప తీసుకుని తినడం జనం కళ్లారా చూశారు. భయం పోయింది, దాని చోట్లోకి వ్యాపారం వచ్చింది. 1960ల నడుమ నుంచి వలలు వేసి పిల్లల్ని పట్టుకుని అమెరికా, యూరప్, జపాన్ అక్వేరియాలకు అమ్మడం మొదలైంది. 1970 ఆగస్టులో వాషింగ్టన్ రాష్ట్రంలోని పెన్ కోవ్‌లో ఓర్కా గుంపుల్ని వలల్లోకి తోలి పిల్లల్ని ఏరుకున్నారు. ఆ రోజు పట్టుబడ్డ పిల్లల్లో ఒకటి, టోకిటే, 2023 ఆగస్టులో మయామీలోని కొలనులో చనిపోయింది. యాభై మూడేళ్లు బందీగా.

ఎన్ని పట్టుకోవచ్చు? అసలు ఎన్ని ఉన్నాయి? వేలల్లో ఉన్నాయనేది జాలర్ల నమ్మకం. ఎటు చూసినా కనిపిస్తాయి కదా మరి. ఈ లెక్క తేల్చే పని కెనడా ప్రభుత్వం మైకేల్ బిగ్‌కు అప్పగించింది. నానైమో ఊళ్లోని పసిఫిక్ బయలాజికల్ స్టేషన్‌లో సీళ్ల మీద పనిచేసే శాస్త్రజ్ఞుడాయన. రోజుకు వంద కిలోమీటర్లు తేలిగ్గా ఈదే జంతువును ఎలా లెక్కపెడతారు? పొద్దున ఒక ఊళ్లో కనబడ్డ గుంపే సాయంత్రం ఇంకో ఊళ్లో కనబడుతుంది. రెండు ఊళ్లవాళ్లూ చెరో లెక్క చెబుతారు. బిగ్ ఒక ఉపాయం పన్నాడు. లైట్‌హౌస్ కాపలాదార్లు, ఫెర్రీ సిబ్బంది, జాలర్లు, టగ్గు పడవలవాళ్లు, ఇలా తీరం పొడుగునా ఉన్నవాళ్లకు దాదాపు 15,000 ప్రశ్నపత్రాలు పంచాడు. 1971 జూలైలో ఒకే రోజున ఎవరికి ఎక్కడ ఎన్ని కనబడ్డాయో రాసి పంపమన్నాడు. అన్నీ కూడితే మహా అయితే 350. వేలు ఎక్కడ, మూడు వందల యాభై ఎక్కడ! అదే గుంపుల్ని అందరూ మళ్లీ మళ్లీ చూస్తున్నారన్నమాట.

మళ్లీ మళ్లీ చూస్తున్నది అదే గుంపని రుజువు చేయాలంటే ఒక్కొక్కదాన్నీ పోల్చుకోవాలి. దారి చూపించింది ఒక అవిటి రెక్క. జాన్‌స్టన్ జలసంధి ప్రాంతంలో వీపు రెక్క చితికి మొండిగా మిగిలిన ఆడ ఓర్కా ఒకటి తిరిగేది. స్టబ్స్ అని పేరు పెట్టారు. ఎక్కడ చూసినా ఇట్టే తెలిసిపోయేది. అది కనబడిన ప్రతిసారీ పక్కన ఉన్నవి కూడా అవేనా అన్న అనుమానంతో బిగ్, ఆయన సహచరులు పక్కవాటి ఫొటోలూ తీసి పెద్దవి చేసి చూశారు. స్టబ్స్ ఒక్కదానికే కాదు, అన్నిటికీ ఏదో ఒక గుర్తు ఉంది. ఇంతకాలం లేనిదల్లా చూసే కన్నే.

ఏం చూస్తారంటే, మొదట వీపు రెక్క. దాని ఎత్తు, వెనక్కి ఎంత వంగింది, కొస మొనదేలిందా గుండ్రంగా ఉందా, వెనక అంచులో చీలికలు, గంట్లు ఉన్నాయా. రెక్కలో ఎముక ఉండదు, కాబట్టి పోట్లాటల్లోనో ఆటల్లోనో చిరిగితే ఆ చిరుగు అలాగే నిలిచిపోతుంది. తర్వాత, రెక్క మొదట్లో వెనక వైపు వీపు మీద పరుచుకున్న బూడిదరంగు మచ్చ. గుర్రం మీద జీను వేసే చోటికి సరిపోతుంది కాబట్టి దాన్ని జీను మచ్చ అందాం. ఏ రెండు ఓర్కాలకూ ఈ మచ్చ ఒక్కలా ఉండదు. ఒకే ఓర్కాకు కూడా కుడి పక్కన ఒకలా, ఎడమ పక్కన ఇంకోలా ఉండొచ్చు. అందుకే బ్రిటిష్ కొలంబియా ఆల్బముల్లో ఎడమ పక్క ఫొటోలే వాడటం ఆనవాయితీ అయింది. మచ్చ మీద పళ్ల గీతల గాట్లు కూడా పనికొస్తాయి, కానీ అవి కొన్నాళ్లకు మానిపోతాయి. వాటిని నమ్ముకుంటే ఏడాది తిరిగేసరికి మోసపోతాం. కంటి వెనక తెల్ల మచ్చ చిన్న పిల్లల్ని పోల్చడానికి బాగా ఉపయోగం. వాటికి రెక్క మీద గంట్లు ఇంకా పడవు, జీను మచ్చ ఇంకా తేరదు.

ఆడా మగా? పెద్ద మగదైతే సందేహం లేదు. రెక్క నిటారుగా ఆరడుగుల దాకా లేస్తుంది. నీళ్లమీద అంత ఎత్తున నల్లగా లేస్తుంటే పడవలో ఉన్నవాళ్లు మాట ఆపేస్తారు. ఆడదాని రెక్క మూడడుగులు దాటదు, వెనక్కి కొడవలిలా వంగి ఉంటుంది. చిక్కంతా కుర్రవాటితో. మగపిల్లకు పన్నెండు, పదిహేనేళ్లు వచ్చేదాకా రెక్క తల్లి రెక్కలాగే ఉంటుంది. ఆ వయసులో హఠాత్తుగా పైకి సాగడం మొదలెడుతుంది. అప్పటిదాకా ఆడో మగో తెలియాలంటే అది వెల్లకిలా పడ్డప్పుడు పొట్ట కింద మచ్చల అమరిక ఫొటోకు చిక్కాలి. మోబీ డాల్ విషయంలో నిపుణులు పొరబడింది ఈ కుర్రతనం వల్లే.

ఇదంతా డిజిటల్ కెమెరాలకు ముందు సంగతి. ఊగే పడవలో నిలబడి, బరువైన టెలిఫొటో లెన్సుతో, నలుపు తెలుపు ఫిల్ము మీద, సెకనులో వెయ్యో వంతు వేగంతో తీయాలి. ఓర్కా ఊపిరి తీసుకోవడానికి పైకొచ్చి మళ్లీ మునిగే లోపల. కొన్నేళ్లకు ప్రభుత్వం ఓర్కాల పనికి డబ్బు ఆపేసి బిగ్‌ను మళ్లీ సీళ్ల మీదికే మళ్లించింది. ఆయన ఈ పనిని ఖాళీ వేళల్లో కొనసాగించాడు. కెనడా వైపు గ్రేమ్ ఎల్లిస్, జాన్ ఫోర్డ్, అమెరికా వైపు సాన్ హ్వాన్ దీవి నుంచి కెన్ బాల్కోమ్ తోడయ్యారు. నలుగురూ కలిసి 1987లో ఓర్కాల ఫొటోలు, వంశవృక్షాలతో ఒక పుస్తకం వేశారు. ఫొటో చూసి వంశం వెతుక్కునే పుస్తకం. పడవలు నడిపేవాళ్లు దాన్ని పక్కనే పెట్టుకుని తిరగడం మొదలెట్టారు.

వంశవృక్షం ఎలా తేలింది? ఎవరు ఎవరి పక్కన ఈదుతున్నారో ఏళ్ల తరబడి రాసుకుంటూ పోతే. చాలా జంతువుల్లో మగపిల్లలు పెద్దయ్యాక గుంపు వదిలి పోతారు. చేపలు తినే ఈ ఓర్కాల్లో కొడుకులూ పోరు, కూతుళ్లూ పోరు. ఆరు టన్నుల మగాడు ముప్పయ్యేళ్లొచ్చినా అమ్మ పక్కనే ఈదుతుంటాడు. జత కట్టడానికి వేరే గుంపు ఆడదాని దగ్గరికి పోతాడు, పని కాగానే అమ్మ దగ్గరికి తిరిగొస్తాడు. తండ్రి ఎవరో పిల్లకు తెలిసే వీల్లేదు. మనకూ డీఎన్ఏ పరీక్షలు వచ్చాకే తెలిసింది. 2012లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, ముప్పయ్యేళ్లు దాటిన మగ ఓర్కాకు తల్లి పోయిన ఏడాదిలో చనిపోయే ప్రమాదం 14 రెట్లు పెరుగుతుంది. ఆడ ఓర్కాలు నలభై ఏళ్లు వచ్చేసరికి పిల్లల్ని కనడం ఆపేస్తాయి, ఆ తర్వాత కూడా దశాబ్దాలు బతుకుతాయి. మనిషి కాక ఇలా ముట్లుడిగాక చాలాకాలం బతికే జంతువులు చాలా అరుదు. ఆ ముసలమ్మలే చేపలు తగ్గిన ఏడాది గుంపును ముందుండి నడిపిస్తాయని ఫొటోల లెక్కే చూపించింది.

వయసుల గురించి ఒక హెచ్చరిక. జె2 అనే ముసలిదాన్ని అందరూ గ్రానీ అనేవారు. 2016లో కనబడకుండా పోయినప్పుడు దానికి నూట అయిదేళ్లని పత్రికలు రాశాయి. అది 1970లలో దాని పక్కన ఈదిన ముదురు మగదాన్ని కొడుకనుకుని వెనక్కి కట్టిన లెక్క. ఫొటోలు మొదలవకముందు పుట్టిన ఏ ఓర్కా వయసైనా అంచనాయే. ఆ తర్వాత పుట్టినవాటి వయసు మాత్రం ఏడాదితో సహా చెప్పొచ్చు.

ఈ గుంపులకు అక్షరాలతో పేర్లు పెట్టారు: దక్షిణాన తిరిగేవి జె, కె, ఎల్, ఉత్తరాన తిరిగేవి ఎ, బి, సి ఇలా. వేటాడి తినే ఇంకో రకం ఓర్కాలకైతే అంకెలోనే వంశం ఉంటుంది. టి109ఎ3ఎ అంటే టి109 అనే ఆమె మొదటి సంతానం ఎ, దాని మూడో సంతానం 3, దాని మొదటి సంతానం ఎ. మన ఇంటిపేరు లాంటిదే, కాకపోతే ఇక్కడ అమ్మమ్మ వైపు నుంచి దిగుతుంది. 2024 మార్చిలో వాంకూవర్ ఐలాండ్‌లోని జెబాలోస్ ఊరి దగ్గర ఒక గర్భిణి ఓర్కా ఆటుకు నీళ్లు తీసిన చోట ఇసుకలో చిక్కి చనిపోయింది. దాని రెండేళ్ల పిల్ల ఒక ఉప్పునీటి మడుగులో ఒంటరిగా మిగిలింది. అది ఎవరు, పిన్నమ్మలు, అమ్మమ్మ ఎక్కడ తిరుగుతున్నారు అన్నది వెంటనే తేలిందంటే ఈ అంకెల వల్లే. నెల రోజుల పైన అన్ని ప్రయత్నాలూ చేసి మనుషులు అలసిపోయాక, ఏప్రిల్ చివర ఒక రాత్రి పోటు సమయంలో అది తనంతట తానే వంతెన కిందుగా బయటికి ఈదిపోయింది.

'వేటాడి తినే ఇంకో రకం' అన్నాను. ఈ మొత్తం విద్యలో అన్నిటికన్నా పెద్ద సంగతి అదే. 1970 మార్చిలో విక్టోరియా నగరం దగ్గర పెడర్ బేలో అయిదు ఓర్కాలను పట్టారు. రెండింటిని అక్వేరియానికి తీసుకుపోయి, మూడింటిని వలలోనే ఉంచి సాల్మన్ చేపలు వేశారు. తినలేదు. వారం, నెల, రెండు నెలలు. ఎముకలు తేలాయి. ఒకటి ఆకలితో చచ్చిపోయింది. రెండున్నర నెలలు దాటాక గాని మిగతా రెండూ చేప ముట్టలేదు. అప్పుడెవరికీ అర్థం కాలేదు. అవి చేపలు తినే రకం కాదు. సీళ్లను, సీ లయన్లను, చిన్న డాల్ఫిన్లను వేటాడే రకం. ముందున్న చేపను తిండి అనుకోలేదు. ఆకలికి అలవాటు ఎంత అడ్డం నిలబడగలదో దీన్ని మించిన ఉదాహరణ నేను చదవలేదు. ఆ ఏడాది చివర్లో ఎవరో రాత్రివేళ వల దించేస్తే అవి తప్పించుకున్నాయి. తర్వాత ఏళ్లకు ఆల్బముల్లో మళ్లీ కనిపించాయి.

రెండు రకాలూ ఒకే నీళ్లలో తిరుగుతాయి, ఒకదానితో ఒకటి కలవవు. చేపలు తినేవాటిని రెసిడెంట్లు అంటారు. మాంసం తినేవాటిని చాలాకాలం ట్రాన్సియంట్లు అన్నారు. 1990లో మైకేల్ బిగ్ చనిపోయాక ఆయన గౌరవార్థం క్రమంగా బిగ్స్ ఓర్కాలు అనే పేరు స్థిరపడింది. ఒడ్డు నుంచి చూసి తేడా పట్టొచ్చు. రెసిడెంటు రెక్క కొస ముందువైపు గుండ్రంగా మొదలై వెనక మూలలో తిరుగుతుంది. బిగ్స్ రెక్క మొదలు వెడల్పుగా, కొస మొనగా, త్రికోణంలా ఉంటుంది. రెసిడెంట్ల జీను మచ్చలోకి నల్లటి చారలు చొచ్చుకురావచ్చు. బిగ్స్ మచ్చ నిండుగా, పెద్దగా, ఇంకా ముందుకు జరిగి ఉంటుంది. అయితే రెక్క దూరమై కనబడనప్పుడు వాటి తీరే చెబుతుంది. పది, పాతిక కలిసి చెదురుగా, ఎగురుతూ, తోకలు కొడుతూ, ఒకే దిక్కుకు సాగుతుంటే రెసిడెంట్లు. మూడో నాలుగో దగ్గరగా, ఒడ్డు వెంబడి ప్రతి ఒంపులోకీ తొంగిచూస్తూ, మునిగితే అయిదారు నిమిషాలు లేవకుండా, అదీ అనుకోని చోట లేస్తుంటే బిగ్స్. ఇంకా దూరంగా, సముద్రం లోపల తిరిగే మూడో రకం ఒకటి ఉంది. షార్కులు తినీ తినీ వాటి పళ్లు చిగుళ్ల దాకా అరిగిపోతాయి.

2024లో ఒక శాస్త్రజ్ఞుల బృందం రెసిడెంట్లు, బిగ్స్ రెండూ వేరు వేరు జాతులని ప్రతిపాదించింది. జన్యువుల లెక్కలో ఇవి విడిపోయి మూడు లక్షల ఏళ్లకు పైనే అయింది. తలపుర్రెలు వేరు, తిండి వేరు, భాష వేరు. సముద్ర క్షీరదాల పేర్లు ఖరారు చేసే సంఘం ప్రస్తుతానికి ఉపజాతులుగా ఒప్పుకుంది. ఆకలితో చచ్చిన ఆ ఓర్కా సంగతి తెలిసినవాళ్లకు ఈ ప్రతిపాదన కొత్తగా అనిపించదు.

భాష అన్నది ఊరికే అన్న మాట కాదు. 1970ల చివర జాన్ ఫోర్డ్ నీళ్లలోకి హైడ్రోఫోన్లు దించి ప్రతి గుంపు అరుపుల్నీ విడివిడిగా రికార్డు చేశాడు. ప్రతి గుంపుకూ ఏడు నుంచి పదిహేడు రకాల స్థిరమైన కూతలు ఉన్నాయి. పిల్లలు వాటిని తల్లి దగ్గర నేర్చుకుంటాయి. చుట్టరికం ఉన్న గుంపుల మధ్య కొన్ని కూతలు కలుస్తాయి, దూరపు గుంపుల మధ్య ఒక్కటీ కలవదు. చూపు అందని పొగమంచులోనో, రాత్రో, హైడ్రోఫోన్ విని ఎ4 గుంపు వచ్చిందని చెప్పొచ్చు. మోబీ డాల్ చచ్చిన ఎన్నో ఏళ్లకు, దాని పాత టేపులు విని ఫోర్డ్ అది జె గుంపు వాడని తేల్చాడు. దాని కళేబరం చెప్పని సంగతి దాని గొంతు చెప్పింది.

బిగ్స్ మాత్రం వేటలో నోరు విప్పవు. సీళ్లకు చెవులు పదును. 2002లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం ఉంది: నీళ్లలో సీళ్ల దగ్గర రకరకాల ఓర్కాల కూతలు వినిపించారు. మాంసం తినే ఓర్కాల కూత వినగానే అవి పరారయ్యాయి. దగ్గర్లో రోజూ తిరిగే చేపల తిండి ఓర్కాల కూతకు చలించలేదు. ఎప్పుడూ వినని, దూరప్రాంతపు చేపల తిండి ఓర్కాల కూత వినిపిస్తే మాత్రం పారిపోయాయి. అంటే సీలు పిల్ల పుట్టుకతో ఓర్కా అంటేనే భయపడుతుంది. ఏది హాని చేయదో తర్వాత ఒక్కొక్కటిగా నేర్చుకుంటుంది. ఆ నీళ్లలో ఓర్కాలను గుర్తుపట్టే విద్య మనకన్నా ముందే ఒకరికి వచ్చు.

గొంతు వల్ల ప్రాణం నిలిచిన కథ స్ప్రింగర్‌ది. 2002 జనవరిలో సియాటిల్ నగరం దగ్గర వాషన్ దీవి పక్కన రెండేళ్ల పిల్ల ఓర్కా ఒంటరిగా కనిపించింది. బక్కచిక్కి, చర్మం పొలుసులు లేచి, ఊపిరిలో ఎసిటోన్ వాసన వస్తోంది. ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంటున్నదని దాని అర్థం. ఎవరిదో తెలియదు. కూతలు విన్నవాళ్లు ఇది ఉత్తరాన తిరిగే ఎ4 గుంపుదని చెప్పారు. ఫొటోలు ఆల్బముతో పోల్చితే ఎ73, తల్లి చనిపోయిన పిల్ల. జూన్‌లో పట్టి, మందులిచ్చి, జూలైలో ఒక పెద్ద కాటమరాన్ పడవలో ఎక్కించి జాన్‌స్టన్ జలసంధికి తీసుకెళ్లారు. దడిలో ఉంచిన మర్నాడే దాని బంధువులు అటుగా వచ్చారు, పిల్లను వదిలారు. మొదట్లో దూరదూరంగా, తర్వాత కలిసి. 2013లో స్ప్రింగర్‌కు పిల్ల పుట్టింది, 2017లో ఇంకొకటి. మనుషుల చేతుల్లోంచి తన కుటుంబంలోకి తిరిగి వెళ్లి నిలదొక్కుకున్న ఓర్కా ఇదొక్కటే.

రెసిడెంట్లలో మంచి కబుర్లు ఉత్తరపు గుంపులవే కావడం గమనించాలి. అవి ఇప్పుడు 300 దాటాయి. దక్షిణపు జె, కె, ఎల్ గుంపులది వేరే దారి. అక్వేరియాలకు పట్టినప్పుడు పోయినవి, వలల్లో చిక్కి చచ్చినవి కలిపితే దాదాపు 50. 1970ల నడుమ మొదటిసారి సరిగ్గా లెక్కపెట్టేసరికి మిగిలినవి 70 చుట్టూ. 1995 నాటికి మెల్లగా 98కి చేరి, మళ్లీ జారి, ఇప్పుడు 75 లోపే ఉన్నాయి. కారణాల్లో మొదటిది చేప. ఈ ఓర్కాలకు సాల్మన్‌లో కూడా చినూక్ అనే రకమే కావాలి; పెద్దది, కొవ్వు ఎక్కువ. పక్కన లక్షల్లో సాకై సాల్మన్ పోతున్నా వాటిని వదిలి చినూక్ కోసం వెతుకుతాయి. వేట జరిగిన చోట నీళ్లమీద తేలే పొలుసుల్ని వలతో ఎత్తి పరీక్షించి ఈ సంగతి తేల్చారు. ఆ చినూక్ తగ్గిపోయింది. దానికి తోడు ఓడల హోరు, కొవ్వులో పేరుకున్న పీసీబీ విషాలు.

2018 జూలైలో జె35 అనే ఆడ ఓర్కాకు పుట్టిన పిల్ల అరగంటలో చనిపోయింది. తల్లి దాన్ని 17 రోజులు తల మీద మోసుకుంటూ తిరిగింది. ఆ వార్త ప్రపంచమంతా చదివింది. అయితే చదివినవాళ్లలో చాలామందికి తట్టని విషయం: అది జె35 అని, దానికి అప్పటికే ఒక కొడుకు ఉన్నాడని, ఆమె పదిహేడు రోజులూ ఒకే పిల్లను మోస్తోందని ఎలా తెలిసింది? యాభయ్యేళ్లుగా ఎవరో ఒకరు ఆ రెక్కల్ని ఫొటో తీస్తూ ఉండబట్టి. లేకపోతే 'ఒక తిమింగలం' అయ్యేది.

ఇప్పుడు పోల్చుకోవడం మాత్రమే చాలదు, ఒంట్లో ఎలా ఉందో కూడా చూస్తున్నారు. 2014 నుంచి డ్రోన్లు పైనుంచి ఫొటోలు తీసి నడుము వెడల్పు కొలుస్తున్నాయి. గర్భం ఉందా, చిక్కిపోయిందా తెలుస్తుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు టకర్ అనే నల్ల లాబ్రడార్ సంకర కుక్కకు ఓర్కా పేడ వాసన నేర్పారు. పడవ ముక్కున నిలబడి ఆ వాసన మైలు దూరం నుంచి పసిగట్టి పడవను అటు మళ్లించేది. సముద్రంలో పేడ వెతకడానికి పెట్టిన ఆ కుక్కకు నీళ్లంటే భయం. తెచ్చిన పేడలోని హార్మోన్లు చూస్తే, 2008 నుంచి 2014 దాకా దక్షిణపు గుంపుల్లో గుర్తించిన గర్భాల్లో 69 శాతం దాకా నిలవలేదని తేలింది.

సియాటిల్, రెడ్మండ్, బెల్‌వ్యూ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సెలవులకు అమ్మానాన్నలు వచ్చినప్పుడు వేల్ వాచింగ్ పడవ ఎక్కించడం అక్కడ మామూలే. నన్నడిగితే ఒక రోజైనా పడవ మానేసి, ఎనకోర్టిస్ నుంచి ఫెర్రీలో సాన్ హ్వాన్ దీవికి పోయి, పడమటి ఒడ్డున లైమ్ కిల్న్ పార్కులో బండ మీద కూర్చోమంటాను. అక్కడ నీళ్లు ఒడ్డునే లోతు. ఓర్కాలు కొన్నిసార్లు బండల పక్కనుంచే పోతాయి. ఒడ్డున కూర్చున్నవాడి వల్ల వాటికి హోరు లేదు. పడవలకైతే హద్దులున్నాయి: 2025 జనవరి నుంచి వాషింగ్టన్ నీళ్లలో దక్షిణపు గుంపుల దగ్గరికి వెయ్యి గజాల లోపు పోకూడదు. ఇప్పుడు ఆ ఒడ్డున కనబడేవాటిలో బిగ్స్ ఓర్కాలే ఎక్కువ. 1970లలో సీళ్లను చంపడం ఆపేశారు, అవి పెరిగాయి, వాటిని తినేవి వచ్చాయి.

చూసినదాన్ని రాసుకోండి: సమయం, చోటు, ఏ దిక్కుకు పోతున్నాయి, ఎన్ని, వాటిలో పొడుగు రెక్కలవి ఎన్ని, పిల్లలున్నాయా, ఒకసారి మునిగితే ఎంతసేపు. ఫొటో తీస్తే అడ్డంగా, రెక్కా జీను మచ్చా రెండూ పడేలా, వీలైతే ఎడమ పక్క. గాల్లోకి ఎగిరిన ఫొటో ఇంట్లో గోడకు బాగుంటుంది, గుర్తింపుకు పెద్దగా పనికిరాదు. నలుపూ తెలుపూ చిన్నవి గబగబా నీళ్లు చిమ్ముకుంటూ దూసుకుపోతే 'పిల్ల ఓర్కాలు' అని సంబరపడకండి. డాల్స్ పార్పస్‌లు అవి. పిల్ల ఓర్కా తల్లిని వదిలి అలా తిరగదు. ఈ వివరాలను సేకరించే ఓర్కా నెట్‌వర్క్ లాంటి సంస్థలు ఆ తీరంలో ఉన్నాయి. మసక ఫొటోనైనా తీసుకుంటారు, ఎందుకంటే గంటు ఉన్న రెక్క మసకలోనూ దొరికిపోతుంది.

మన హిందూ మహాసముద్రంలోనూ ఓర్కాలున్నాయి, అరుదుగా కనిపిస్తాయి. శ్రీలంక దక్షిణ తీరంలో నీలి తిమింగలాల్ని చూడటానికి పోయిన పడవలవాళ్లకు అప్పుడప్పుడు తగులుతాయి. అక్కడివాళ్లు పర్యాటకుల ఫొటోలు పోగుచేసి చిన్న ఆల్బం తయారుచేశారు. అందులోని ఓర్కాలను ఇతర దేశాల నుంచి వచ్చిన ఫొటోలతో పోల్చి చూస్తే, అబుదాబి తీరంలో ఎవరో తీసిన ఫొటోల్లో అవే గంట్లు, అవే జీను మచ్చలు దొరికాయి.